నూరు బై మూడు

సోహార్‌లో, పోర్టుకు పోయే రోడ్డు వెనక,
ఒక గది. ముగ్గురం.
అద్దె నూరు రియాళ్లు.
తలకు ముప్పై మూడు రియాళ్లు, మూడువందల ముప్పై మూడు బైసాలు.
మళ్లీ కూడితే ఒక్క బైసా తగ్గుతుంది.
ఒక్క బైసాకు ఇక్కడ నాణెం లేదు,
అయినా గంగనర్సు నోట్‌బుక్‌లో అది
ప్రతి నెలా కూర్చునే ఉంటుంది,
కంచం అంచున ఎండిన మెతుకులా.
"ఎవలు తిన్నరు ర దీన్ని?" అంటాడు.

నా కొలువు చమురు ట్యాంకుల లెక్క.
పడుకోబెట్టిన ట్యాంకులో సగం కన్నా తక్కువ నూనె ఉంటే
అది ఎంతో చెప్పే సూత్రం.
గంగనర్సు పైకెక్కి టేపు వదులుతాడు,
తడిసిన చోటి అంకెను కిందికి కేకేస్తాడు,
నేను కంప్యూటర్‌కు తినిపిస్తాను.
అంకె పడేదాకా అది నోరు విప్పదు.
పేరు మాత్రమే ఇస్తే
"వీడెవడో నాకు తెలియదు" అని ఎర్రబడుతుంది,
కాగితాల్లేనివాణ్ణి చూసిన చెక్‌పోస్టులా.

మెట్‌పల్లిలో లింబాద్రి సార్ ఇట్లా చెప్పలేదు.
ఎంతో తెలియకున్నా పేరు పెట్టి పిలువు,
వస్తుంది, నీతో పాటు పని చేస్తుంది,
చివర్లో తానెవరో తనే చెబుతుంది, అన్నాడు.

అందుకే రాత్రిళ్లు, ఏసీ దగ్గు కింద,
నా భాషకు కొత్త అలవాటు నేర్పడం మొదలుపెట్టాను.
తెలియని పేరు వస్తే తరమకు, చాప వెయ్యి.
రెండు వర్గమూలాన్ని
ఒకటీ పాయింటు నాలుగూ ఒకటీ నాలుగూ అని తరగకు.
మూడో వంతును మూడో వంతుగానే మోయి.
లెక్కను చెట్టులా నిలబెట్టు,
వేరు పైకి, ఆకులు కిందికి;
ఎవరైనా గట్టిగా అడిగితేనే రాలనియ్యి.

పక్క బల్ల ఖల్ఫాన్ టీ తెచ్చి తెర చూశాడు.
"జబ్ర్," అన్నాడు.
సహమ్‌లో వాళ్ల తాత విరిగిన ఎముకలు కట్టేవాడట,
ఖర్జూరపు మట్టలు, పాత గుడ్డ.
ఆ పనికీ అదే మాట, ఈ లెక్కకూ అదే మాట.
మేం బీజం అంటాం అన్నాను, విత్తనం.
టీ సగమయ్యేదాకా ఆలోచించాడు.
"మీది ఇంకా మొలవలేదు,
మాది అప్పటికే విరిగింది."

మూడో వారం నాకు గర్వమొచ్చింది.
పైన ఎక్స్, కింద ఎక్స్.
నా ప్రోగ్రాం అడక్కుండానే రెండింటినీ కొట్టేసి
ఒకటి అంది. ఎంత శుభ్రం!
గురువారం ఏడో ట్యాంకు ఖాళీ.
గంగనర్సు పైనుంచి "సున్నా!" అని అరిచాడు.
తెర మీద మాత్రం ఒకటి. నిండు లెక్క.
సూపర్‌వైజర్ టేపును నమ్మలేదు, తెరను నమ్మాడు.
ఆ నూనె ఏదని
రెండు గంటలు ఎండలో నిలబెట్టి అడిగాడు వాణ్ణి.

ఒకే పేరు కదా అని కొట్టేసింది నేను.
ఆ పేరు సున్నా కూడా కావచ్చని మరిచింది నేను.
తప్పు నాదని మెయిల్ పెట్టాను.
జవాబు రాలేదు.

ఇప్పుడు ఏది కొట్టేసినా
"ఇది సున్నా కానప్పుడు" అన్న మాట
దాని వెనకే నడుస్తుంది చివరిదాకా.
జవాబులు పొడుగయ్యాయి, అందం పోయింది.
కట్టు కట్టిన కాలు, అన్నాడు ఖల్ఫాన్.

నెలాఖరున పోశెట్టిని సలాలాకు మార్చారు.
నోట్‌బుక్‌లో అద్దె తిరగరాశాను:
నూరు బై ఎన్.
కింద సన్నగా, ఎన్ సున్నా కానప్పుడు.
గంగనర్సు దాన్ని చాలాసేపు చూశాడు.
"ఎన్ అంటె ఎవలు?"
వచ్చేటోడు. పొయ్యేటోడు కూడా.
"మరి ఆ బైసా?"
ఇందులో లేదు, ఇంకా పంచలేదు కదా.
పెన్నుతో పాత బైసాను కొట్టేయబోయి
ఆగాడు.
"సున్నా అయితే కాదు గద?" అని అడిగి
ఉంచేశాడు.

తలుపు చప్పుడైంది. ఓనరు.
అంకె కావాలట.